ఈలగాడి అక్క

"సంతకం పెట్టను," అంది ఆవిడ, కాగితాన్ని ఒక్క వేలితో మేనేజరు వైపు తోసేస్తూ.

మేనేజరు దాన్ని మళ్ళీ ఆవిడ ముందుకు జరిపాడు. లిఫ్టులు బిగించే కంపెనీ అది. పనిలో ఉండగానే గుండె ఆగి పోయాడు ఒక కుర్రాడు. అతణ్ణి ఈ పరాయి దేశంలోనే పూడ్చిపెట్టాలంటే ఇంటివాళ్ళ ఒప్పుదల కావాలి. శవం సరిహద్దు దాటితే ప్రశ్నలు కూడా వెంట వెళ్తాయని యజమాని భయం. ఇక్కడే కానిచ్చెయ్యమని పొద్దున్నుంచి ఫోను మీద ఫోను చేస్తున్నాడు. సరిగ్గా అప్పుడే చనిపోయినవాడి అక్కనంటూ ఈవిడ దిగబడింది.

"చూడమ్మా, వాడిక లేడు. ఏ మట్టయితే ఏముంది?"

"ఏ మట్టయినా ఒకటే కదా. అయితే మా అమ్మ ఉన్న చోటి మట్టే కానివ్వండి."

మేనేజరు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "మాటలు కాదమ్మా. డాక్టరు కాగితాలు, పోలీసు కాగితాలు, ఆ పైన విమానంలో చోటు. బోలెడు తిరుగుడు."

"వాణ్ణి పనికి తెచ్చుకునేటప్పుడు ఇంత తిరుగుడూ తిరిగారుగా. అప్పుడు లేని బద్ధకం ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది?"

ఈవిడ మెత్తగా చెబితే వినే రకం కాదని తేలిపోయింది. మేనేజరు గొంతు పెంచాడు.

"నువ్వూ ఈ దేశానికి పనికోసం వచ్చినదానివే కదా? మా యజమాని తలుచుకుంటే నిన్ను రేపే విమానం ఎక్కించేస్తాడు, తెలుసా?"

"మంచిదే. మా వాడెక్కే విమానమే ఎక్కించమనండి. తోడుంటాను."

పక్క బల్ల దగ్గర టైపు చేస్తున్న అమ్మాయి తలొంచుకుని నవ్వాపుకుంది. మేనేజరుకి ఒళ్ళు మండింది.

"అసలు నువ్వు వాడి అక్కవేనని నమ్మకమేమిటి? అక్క ఉన్నట్టు వాడెప్పుడూ ఎవరికీ చెప్పలేదట."

"మా అమ్మని అడగండి."

అడిగాడు. అందరికీ వినబడేలా ఫోను బల్ల మీద పెట్టి మరీ అడిగాడు. "అమ్మా, మీకొక కూతురుందా? మీ అబ్బాయి కోసం ఇక్కడికొచ్చి కూర్చుంది."

అవతల "కూతురా?" అన్న మాట వినబడింది. తర్వాత ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు పలికింది. "ఉంది నాయనా. దేవుడిచ్చిన బిడ్డ. అది ఏమంటే అదే నా మాట. నా కొడుకుని నాకు పంపించండి."

మేనేజరు ఫోను పెట్టేశాడు. ఆవిడ అంది, "సార్, మీదీ ఈ దేశం కాదు కదా?"

"కాదు."

"రేపు మీరు ఈ కుర్చీలోనే ఒరిగిపోయారనుకోండి. ఇలాంటి కాగితమే మీ ఇంటావిడ ముందుకొస్తుంది. చెప్పండి, ఆవిడ్ని సంతకం పెట్టమంటారా?"

మేనేజరుకి కోపం రావలసింది. రాలేదు. తలుపు తీసేసరికి అవతల తన భార్య అలాంటి కాగితం పట్టుకుని నిలబడి ఉన్నట్టనిపించింది. నెమ్మదిగా అడిగాడు.

"మీ తమ్ముడు... లిఫ్టు గోతిలోంచి ఎప్పుడూ ఈల వినబడుతూ ఉండేది. ఆ అబ్బాయేనా?"

"వాడే. మీవాళ్ళంతా ఈలగాడనే పిలిచేవారట."

అంతలో ఫోను మోగింది. యజమాని.

"పనయిందా?"

"లేదండి. ఇంటికి పంపుతున్నాం."

"ఎవడు పంపమన్నాడు?"

"నేనే. వద్దనుకుంటే మీరే వచ్చి ఈవిడ చేత సంతకం పెట్టించుకోండి. అది నా తరం కాదు, నాకిష్టమూ లేదు."

యజమాని అరుస్తుండగానే ఫోను పెట్టేశాడు. ఉద్యోగంలో చేరాక ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదలు. అయినా ఎందుకో ఛాతీ మీద నుంచి బండ దింపినట్టనిపించింది. కాగితాన్ని నిలువునా చింపి బుట్టలో పడేశాడు. "మీరు వెళ్ళి కాస్త పడుకోండమ్మా. ఇక నేను చూసుకుంటాను," అన్నాడు. నువ్వు కాస్తా మీరయిందని ఆయన గమనించుకోలేదు.

అన్నట్టుగానే దగ్గరుండి పంపించాడు. ఈలగాడు ఇల్లు చేరాడని తల్లి ఫోను చేసి చెప్పింది. ఆ పూట మేనేజరు తృప్తిగా భోంచేశాడు. యజమాని వారం రోజులు గుర్రుగా ఉండి, ఇంకో మనిషి దొరక్క ఊరుకున్నాడు.

ఆ తర్వాత ఒకనాడు మేనేజరు మెట్లు దిగుతుంటే కింది అంతస్తులో ఎరిగిన గొంతు వినబడింది. అక్కడున్నది లాండ్రీ కంపెనీ ఆఫీసు. తలుపు ఓరగా ఉంది. తొంగి చూశాడు.

ఆవిడే. లాండ్రీ ఆఫీసరు ఎదుట కుర్చీలో బిగుసుకుని కూర్చుంది.

"నేను ఆయన భార్యని. ఆయన దేహాన్ని మా అత్తగారి దగ్గరికి పంపేదాకా ఇక్కణ్ణించి లేవను."

మేనేజరు కాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి.

"మా డ్రైవరుకి పెళ్ళయిందని ఇవాళే వింటున్నాను," అంటున్నాడు ఆఫీసరు వెటకారంగా. "నువ్వు వాడి పెళ్ళానివని చెప్పేవాళ్ళు ఈ ఊళ్ళో ఒక్కరైనా ఉన్నారా?"

ఆవిడ జవాబు కోసం అటూ ఇటూ చూసింది. గుమ్మంలో మేనేజరు కనబడ్డాడు. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

మేనేజరు లోపలికొచ్చి, ఆవిడ పక్కనున్న కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చున్నాడు.

"ఎందుకు లేరు? వీళ్ళ పెళ్ళికి దగ్గరుండి వడ్డించింది నేనే."