గండన్న సర్దిన గడ్డిపరకలు

చీమల లోకంలో గండన్నంత గొప్ప ఇంజనీరు లేడు. ఆ మాట గండన్నే చెప్పుకున్నాడు, అదీ సొరంగం గోడకున్న బంకలో వీపు అతుక్కుపోయి కాళ్ళు కొట్టుకుంటూ.

ఆ సొరంగంలో మోతచీమలు గడ్డిపరకల కొసలు చూపినవైపే నడుస్తాయి. ఆ రోజు సగం పరకలు తిరగబడి ఉండటంతో గింజలన్నీ వెనక్కే వచ్చేస్తున్నాయి. లోపలి అరలో పిల్లచీమలు ఆకలికి సొమ్మసిల్లుతున్నాయి.

గండన్న ఎలాగైనా ఊడిరావాలని కాళ్ళకందిన పరకల మీద పరుగు లంకించుకున్నాడు. వాడు కదల్లేదు గానీ, కాళ్ళకింది పరకలే వెనక్కి జారాయి. కొస లోపలికున్నవి లోపలికి, తిరగబడ్డవి బయటికి పోయాయి. సొరంగంలో సరైన పరకలే మిగలడంతో మోతచీమలు గింజలతో నేరుగా లోపలి అరకు నడిచాయి, సాయంత్రానికి పిల్లల కడుపులు నిండాయి.

"ఏది తిరగబడిందో ఈ చీకట్లో ఎలా పోల్చావు బావా?" అని అడిగింది మోతచీమ ఎర్రమ్మ.

గండన్న మీసాలు సవరించుకుని గొంతు తగ్గించాడు.

"పోల్చలేదు మరదలా. నాకు పరక మొదలువైపు నడవటమొక్కటే వచ్చు. కొసవైపు నడక ఇప్పటికీ రాదు."