బెల్లం మీద చెయ్యి

“ఆగు ఖయ్యూం భాయ్, దాని మీద కొట్టకు!” నాగమణమ్మ బెల్లం ముద్దకు అడ్డం పడింది.

ఉస్మాన్‌గంజ్ గోదాములో, ఎర్రగా కాలిన ఇనప ముద్రతో ఖయ్యూం ఆగిపోయాడు.

చెరుకు రైతుల సంఘం పెద్ద వైకుంఠం విసుక్కున్నాడు. “ఏంది చెల్లె గీ లొల్లి? వేడి ముద్ద మీద ఎవరి చెయ్యి వాళ్లు గుర్తుగ అద్దుడు ఇగ బంద్. ఈ దేశాల లడాయి దినాలల్ల సావుకార్లు మనల్ని విడగొట్టి ముంచుతున్నరు. సంఘానికి కొత్త పేరు పెట్టినం. అందరికీ ఒక్కటే గుర్తు.”

“గుర్తు మంచిదే అన్నా. ఈ ఒక్కటి ఇడిచిపెట్టు.”

“రేపు సభకు మీ ఆయనను తోలు. కొత్త గుర్తుకు ఒప్పుకున్నోళ్లు చెయ్యెత్తాలె.”

ముద్ద మీది అయిదు వేళ్ల అచ్చులో ఆమె తన వేళ్లు పెట్టింది. అచ్చు ఆమె వేళ్ల కంటే వెడల్పుగా ఉంది.

“నీదాక కబురు రాలేదేమో అన్నా. ఇది అద్దిన మర్నాడే ఆయన చెయ్యి గానుగల నలిగింది. దవాఖానల మోచేతి దాక కోసిండ్రు. అయినా మనిషి దక్కలే.”

వైకుంఠం తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

“సభల గీ చెయ్యిని లెక్కవెట్టుకోరి అన్నా. ఒప్పుకున్నడనే అనుకోరి.”

ఖయ్యూం ఎవరినీ అడగకుండానే ముద్రను నీళ్లలో ముంచాడు.