సున్నా నొక్కితే

“మేడమ్, మేనేజర్ గారున్నారా?” అన్నాడు గోపికృష్ణ.

లోపలి గది తలుపు బార్లా తీసి ఉంది. బయట మాట్లాడే మాట లోపలికి వినబడుతుంది. టెలిఫోన్ ముందు కూర్చున్న నేత్రావతి అతని ఇస్త్రీ చొక్కా వైపు, చేతిలోని ల్యాప్‌టాప్ సంచి వైపు ఒక క్షణం చూసింది.

“ఉండారు సార్. పోండి” అంది.

వల్లూరు దగ్గర సోలార్ కంపెనీ ఆఫీసు అది. కిటికీలోంచి చూస్తే గుట్ట మొదలు దాకా ప్యానెళ్లే. మేనేజర్ సంజీవప్ప బళ్లారి వైపు నుంచి బదిలీ మీద ఈమధ్యనే వచ్చాడు. మనిషి మెత్తనే గానీ మాట సూటి.

“టెలిఫోన్ల కంపెనీ గదా మీది? కూర్చోండి. ముందు ఒక మాట. ఈ ఆఫీసులో మీకు తెలిసినోళ్లు ఎవరైనా ఉండారా?”

“ఎందుకు సార్?”

“మొన్న కెమెరాలు పెడతామని ఒకాయన వచ్చినాడు. మా స్టోర్ కీపర్‌కు బావమరిది అని తర్వాత తెలిసింది. ఆర్డర్ రద్దు చేసేసినా. చుట్టరికాల మీద నేను కొననప్పా.”

అదే సమయానికి నేత్రావతి టీ తీసుకుని లోపలికి వచ్చింది. పొద్దున బెంగళూరు నుంచి తన పైఅధికారి ఫోన్‌లో అన్న మాట గోపికృష్ణ చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. ఈసారీ ఆర్డర్ లేకపోతే నీ జాగాలోకి ఇంకొకర్ని చూసుకుంటాం.

“ఎవురూ లేరు సార్” అన్నాడు.

నేత్రావతి కప్పు అతని ముందు పెట్టి వెళ్లిపోయింది.

గోపికృష్ణ ల్యాప్‌టాప్ తెరిచాడు. గీతలు, రంగుల బొమ్మలు చూపిస్తూ చెప్పుకుపోయాడు. “ప్రపంచమంతా ఇట్లే పోతా ఉండాది సార్. అమెరికాలో గానీ యూరప్‌లో గానీ గోడకు ఎక్స్ఛేంజి పెట్టె బిగించి, టేబుల్ టేబుల్‌కు వైరు లాగే కాలం పోయింది. ఇప్పుడంతా ఇంటర్నెట్‌లోనే. ఎవరి ఫోన్‌కు కావాలంటే వాళ్ల ఫోన్‌కు కాల్ పోతాది. పెట్టె కొనే పని లేదు, నెలకింత అని కడితే చాలు. మన దేశంలో చిన్న చిన్న కంపెనీలు గూడా మారిపోతా ఉండాయి.”

“ఫోన్ చేసినోళ్లతో మాట్లాడేదెవరు?”

“రికార్డు చేసిన గొంతు సార్. భూమి లీజు అయితే ఒకటి, పని గురించైతే రెండు నొక్కమంటాది.”

సంజీవప్ప తల ఊపాడు. “యంత్రం గొంతు ఈడ రైతులకు అర్థం గాదు. మన పిల్ల గొంతే పెట్టొచ్చా?”

“పెట్టొచ్చు సార్.”

సంజీవప్ప నేత్రావతిని పిలిచాడు. “ఈ యమ్మ నాయన శెనిక్కాయ చేను మన ప్యానెళ్ల కిందకే పోయింది. చేను లీజుకిచ్చిన ఇంట్లో ఒకరికి పని అని ఆపొద్దు కంపెనీవాళ్లు ఒప్పుకున్నారంట. పాపం బాగా మాట్లాడుతాది.”

గోపికృష్ణ మాటలు రాసిన కాగితం ఆమెకిచ్చి, తన ఫోన్ ఆమె నోటి దగ్గర పట్టుకున్నాడు. నేత్రావతి కాగితంలోకి చూస్తూ తడుముకోకుండా చదివింది.

“నమస్కారం. భూమి లీజు గురించైతే ఒకటి నొక్కండి. పని గురించైతే రెండు నొక్కండి. మనిషితో మాట్లాడాలంటే సున్నా నొక్కండి.”

“ఆగమ్మా” అన్నాడు సంజీవప్ప. “సున్నా నొక్కితే ఎవరెత్తుతారు?”

“ఆపరేటర్ సార్” అన్నాడు గోపికృష్ణ. “ఒకరు ఉంటే మంచిది.”

“ఆపరేటర్ ఉండనే ఉంటే, ఆ జీతం అట్లే ఉంటే, మీ సిస్టమ్ నాకు దేనికప్పా? పైవాళ్లకు నేనేమి చెప్పల్ల? సుత్తి లేకుండా చెప్పండి. ఇది పెట్టినాక ఈ యమ్మ కావల్నా, వద్దా?”

నేత్రావతి కాగితం మీంచి తలెత్తింది. అతన్నే చూస్తోంది. గోపికృష్ణ టీ కప్పు వైపు చూశాడు. టీలో చక్కెర లేదు. అతనెప్పుడూ వేసుకోడు. ఈరోజు ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

“వద్దు సార్” అన్నాడు.

సంజీవప్ప ఆమె వైపు తిరిగాడు. “ఏమనుకోవద్దమ్మా. యాడన్నా ఖాళీ ఉంటే చూస్తాలే. ఆ సున్నా మాట తీసేసి ఇంకోసారి చెప్పు.”

ఆమె చెప్పింది. మొదటిసారి కంటే స్పష్టంగా చెప్పింది. చివర్లో గోపికృష్ణ ఫోన్ చూసుకుని, “సారీ మేడమ్, రికార్డు బటన్ నొక్కలేదు. మళ్లీ ఒకసారి” అన్నాడు. తన గొంతు తనకే అసహ్యంగా వినిపించింది. నేత్రావతి మళ్లీ చెప్పింది.

ఆర్డర్ మీద సంతకం అయింది. సంజీవప్ప చెయ్యి కలిపాడు. పైఅధికారికి ఆ సంగతి చెప్తే, అతను ఫోన్‌లోనే శభాష్ అన్నాడు. గోపికృష్ణ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

అతను వెళ్లిపోలేదు. ఆఫీసు వదిలేదాకా గేటు బయట బండి పక్కన నిలబడ్డాడు. ప్యానెళ్లు తుడిచే ఆడవాళ్లు ఆటో ఎక్కి వెళ్లిపోయారు. చివరికి నేత్రావతి టిఫిన్ సంచితో బయటికి వచ్చింది.

“ఆ సున్నా ఊరికే పెట్టలేదు” అన్నాడు గోపికృష్ణ నేల చూస్తూ.

“తెలుసు సార్.”

“ఆయన అంత సూటిగా అడుగుతాడని అనుకోలేదు.”

“మీరు అంత సూటిగా చెప్తారని నేనూ అనుకోలేదు సార్.”

ఆ ‘సార్’ అనే మాటకు అతను తలెత్తలేకపోయాడు. బండి స్టార్ట్ చేశాడు.

పెళ్లయినాక మొదటిసారి, నేత్రావతి మొగుడి భుజం పట్టుకోకుండా బండెక్కింది.