కొత్త డిస్కులో పాత మచ్చ

రెండో డిస్కును కూడా మార్చారు. మళ్లీ సరిగ్గా అదే చోట చెడింది.

అంబులెన్స్ కావాలని జనం ఫోన్లు చేసే ఆఫీసు అది. వచ్చిన ప్రతి కాలూ రెండు డిస్కుల్లో ఒకేసారి రికార్డవుతుంది. ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుంది. ఒకదాన్ని తీసి కొత్తది పెడితే, మిగిలినదాంట్లోంచి అంతా కొత్తదాంట్లోకి ఎక్కుతుంది. చెడిపోయిన చోట్ల నంబర్లు యంత్రం దగ్గర ఒక జాబితాలో ఉంటాయి. జాబితాకెక్కిన చోటును యంత్రం ఇక ముట్టుకోదు. నిజంగా చెడిందో లేదో మళ్లీ చూడదు. వీటన్నిటినీ కనిపెట్టుకుని ఉండేవాణ్ని ఆఫీసంతా డిస్కుల మేస్త్రి అంటుంది.

కొత్త డిస్కు నిండుతున్నంతసేపూ మేస్త్రి కుర్చీలోంచి లేవలేదు. పక్కన పెట్టిన టీ మీగడ కట్టింది. చివరికి స్క్రీన్ మీద జాబితా తెరుచుకుంది. ఒకే ఒక్క వరుస. అవే అంకెలు. అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలాడు.

"పెట్టెలోంచి తీసిన కొత్త డిస్కు కదయ్యా," అంది సూపర్‌వైజరు. "నిన్నగాక మొన్న పుట్టినదానికి పాత మచ్చ ఎలా వస్తుంది? దీనికేదో పట్టింది."

"వైర్లేమో, చూస్తానండీ."

"చూడు. రికార్డును చేత్తో చెరిపితే జైలుకి పోతాం గానీ, డిస్కే చెడితే ఎవర్నని ఏమంటాం."

ఫ్యాన్ల హోరులో ఎవరో ఆయాసపడుతున్నట్టు వినిపిస్తోందని ఒక ఆపరేటరు ఆ గది వైపు రావడమే మానేసింది. అందరూ నవ్వారు. నవ్వనివాడు మేస్త్రి ఒక్కడే.

చెడిన చోట ఉన్నది ఎనిమిది నెలల కిందటి ఒకే ఒక్క కాల్. నిమిషం నలభై సెకన్లు. రిజిస్టర్లో "ఆకతాయి ఫోన్" అని రాసి ఉంది. అంబులెన్స్ వెళ్లలేదు. ఫోన్ చేసినవాడు ఆ మధ్యాహ్నమే ఇంట్లో ఒంటరిగా ప్రాణం వదిలాడు. ఆ కాల్ వచ్చిన సీటు ఆపరేటరు, తను అప్పుడు భోజనానికి లేచాననీ, తన కుర్చీలో ఎవరు కూర్చున్నారో తెలియదనీ నెత్తీనోరూ కొట్టుకుంది. ఎవరూ నమ్మలేదు. ఉద్యోగం ఊడింది.

పోయినవాడి భార్య వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. బట్టలు కుట్టే మనిషి. మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి వచ్చింది. ఈ ఎనిమిది నెలల్లో ఆమె రావడం ఇది అయిదోసారి.

మేస్త్రి ఆమె దగ్గరికెళ్లి తల అడ్డంగా ఊపాడు.

"ఇందులోనూ లేదా తమ్ముడూ?"

"లేదక్కా."

"మా ఆయనది ఎప్పుడూ వేళాకోళమే. ఆయాసంలో కూడా నవ్వుతున్నట్టే ఉండేది ఆయన మాట. అంతేగానీ ఆకతాయి ఫోన్లు చేసే మనిషి కాదు." ఆమె టేపును వేలికి చుట్టుకుంది. "ఆఖర్న నాకేమైనా చెప్పమన్నాడేమోనని. అది ఒక్కటి వింటే చాలు నాకు."

మేస్త్రి ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"తీసేసిన పాత డిస్కులున్నాయా? చెడినవైనా సరే, ఇవ్వు. ఇంట్లో పెట్టుకుంటాను."

"తుక్కులో పడేశారక్కా."

"పోనీలే. నువ్వు మాత్రం ఏం చేస్తావు? నీ అంతగా పాటుపడినవాళ్లు లేరు నాయనా," అంటూ అతని భుజం తట్టి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

సాయంత్రం మేస్త్రి ఇంటికెళ్లి, గది తలుపు గడియ పెట్టి, తువ్వాలులో చుట్టి దాచిన పాత డిస్కును కంప్యూటరుకు తగిలించి, చెడిందని తనే జాబితాకెక్కించాడే తప్ప ఎక్కడా చెడని ఆ కాల్‌ను రోజూలాగే విన్నాడు, రొప్పుతూ "మా ఆవిడకి చెప్పండి..." అని ఆయన అనబోతుంటే, "నవ్వులాటకి మేమే దొరికామా, పెట్టేయ్" అని కసురుకునే తన గొంతు దాకా.