గాలికి దారి

"ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి," అని డాక్టరు ఎక్స్‌రే పక్కన పెట్టగానే కొత్త కోడలు కుర్చీలోంచి లేచి అత్తగారిని వాటేసుకుంది.

"అయ్యో, నలుగురూ చూస్తున్నారే పిల్లా!" అంది అత్తగారు, దగ్గుతూనే నవ్వుతూ.

"మరి ఈ దగ్గెందుకు డాక్టరుగారూ?" అన్నాడు కొడుకు.

"మీ అమ్మగారి గదిలో గోడంతా నల్లగా బూజు పట్టిందని ఫొటో చూపించారుగా, దాని వల్లే. గది ఆరితే దగ్గు తగ్గుతుంది. ఆరకపోతే మాత్రం ఆవిణ్ణి అందులో ఉంచకండి. ఇంకెక్కడికైనా పంపండి."

ఇంకెక్కడికైనా అంటే కూతురింటికే. ఇంట్లో ఉన్నవి పక్కపక్కనే రెండు పడకగదులు. ముందున్న రేకుల వసారాలో కొడుకు టైలరింగు దుకాణం. ఆ గుడ్డల నూగు దగ్గుకి మరీ చేటు.

ఇంటి గుమ్మంలో అడుగు పెట్టాక అత్తగారు ఆగలేకపోయింది. "కోడలొచ్చిన ముచ్చటే ఇంకా తీరలేదు, అప్పుడే నేను మూట సర్దుకోవాలా?"

"ఎవరూ ఏ మూటా సర్దక్కర్లేదు అత్తయ్యా. అటక మీద సోలార్ ఫ్యాను పెట్టిద్దాం. ఏమండీ, రేపే మనిషిని పిలవండి."

"ఫ్యాను అటక మీద తిరిగితే గాలి నాకెలా తగులుతుందే?"

"తగలదు. లోపలి చెమ్మగాలిని బయటికి తోస్తుంది. ఉడుకుతున్న గిన్నె మీద మూత పెడితే ఆవిరంతా చుక్కలై మళ్లీ గిన్నెలోకే కదా పడేది? మన పెంకుల కింద జరుగుతున్నదీ అదే. ఒక్కో గది పైకప్పులో అటకలోకి ఒక కన్నం ఉందిగా, ఆ దారిన గదుల్లో చెమ్మంతా పైకి లాగేస్తుంది. కరెంటు ఖర్చు లేదు. పగలంతా సూర్యుడే తిప్పుతాడు."

అత్తగారు తలెత్తి పైకప్పు వైపు చూసింది. "అయితే ఆ కన్నాలన్నీ తెరిచే ఉండాలా?"

"తెరిచే ఉన్నాయిగా!"

"ఆఁ... ఉన్నాయి, ఉన్నాయి," అంటూ ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

ఫ్యాను వచ్చింది. ఎండ తగలగానే అటక గోడలో గిర్రున తిరిగింది. కోడలు తమ గదిలో మంచమెక్కి కన్నం దగ్గర ఒక దారప్పోగు పట్టుకుంది. పోగు పాము పిల్లలా పైకి లేచింది. చప్పట్లు కొట్టి, మొగుణ్ణి చెయ్యి పట్టుకుని దుకాణంలోంచి లాక్కొచ్చి, మళ్లీ పట్టి చూపించింది. బీరువాలో చీరలకి ముక్కిన వాసన పోయింది. ప్రతి చీరా తీసి వాసన చూసి మురిసిపోయింది.

అత్తగారి గదిలో మాత్రం గోడ గోడలాగే ఉంది. గీకి కడిగిన చోటే బూజు మళ్లీ మొలిచింది. దగ్గు తగ్గలేదు.

"బూడిదలో పోసిన పన్నీరైంది," అన్నాడు కొడుకు నీరసంగా. "అక్కకి ఫోన్ చేస్తాను."

అత్తగారు మంచం కిందనుంచి పెట్టె లాగింది. ఒక్కో చీరా మడతపెట్టి అందులో సర్దుతోంది. కోడలు ఉండబట్టలేక దారప్పోగు తెచ్చి ఈ గది కన్నం దగ్గర పట్టింది. పోగు కదల్లేదు. తోకలా వేలాడింది.

వెంటనే కొంగు దోపి గది బయటున్న నిచ్చెన ఎక్కింది.

"అటక మీదకి వెళ్లకే! తేళ్లుంటాయి!" అని అత్తగారు కేకేస్తూనే ఉంది. ఈలోపే పైనుంచి ఒక బరువైన మూట దభీమని కింద పడింది. గుడ్డపీలికలు కుక్కిన దిండు గలీబు.

"అత్తయ్యా, మీ గది కన్నం మీద ఉందిది! బిరడాలా!"

"ఎలుకలు లాక్కెళ్లుంటాయి," అంది అత్తగారు గోడ వైపు చూస్తూ.

కొడుకు గలీబు తిప్పి చూశాడు. "ఎలుకలు మూతి కూడా కుట్టాయా అమ్మా? అదీ పచ్చదారంతో, ఇంత సన్న కుట్టు? ఈ కుట్టు నాకు నేర్పింది నువ్వే."

"చలిగాలి కొడుతోందని..."

"ఈ ఎండల్లోనా? మేము నీ ఊపిరి కోసం కిందా మీదా పడుతుంటే నువ్వు చేసేది ఇదా?"

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. కిందికి దిగొచ్చిన కోడలి చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసింది. చెవిలో ఏదో చెప్పింది.

కోడలి మొహం చెవుల దాకా ఎర్రబడింది. రెండు చేతులతో మొహం కప్పుకుంది. వేళ్ల సందుల్లోంచి నవ్వు, వెనకాలే ఏడుపు.

"అందుకని ఈ వయసులో నిచ్చెనెక్కారా అత్తయ్యా?"

"ఎక్కక? ఈ మాట నోరు విప్పి మీకు చెప్పగలనా?"

కోడలు ఆవిడ పెట్టెలోంచి చీరలన్నీ తీసి తిరిగి బీరువాలో పెట్టేసింది. తలుపు బార్లా తెరిచింది. బయట మొగుడు ఆ గలీబు చేత్తో పట్టుకుని ఇంకా కోపంగానే ఉన్నాడు.

"ఒరేయ్ బుజ్జిగా," అంది కోడలు, "రేపు పొద్దున్నే మన మంచం వసారాలోకి, నీ కుట్టుమిషన్ల పక్కకి మార్చేస్తున్నాం."

అతను అదిరిపడి తల్లి వైపు చూశాడు. "అమ్మ ముందు ఒరేయేంటే?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఇంకేం దాస్తాం? ఆ కన్నాల దారిన మన కబుర్లన్నీ అత్తయ్య మంచం మీదకే దిగుతున్నాయట. వినకూడదని ఆవిడ తన గాలి తనే మూసుకుంది!"