షోకేసు బొమ్మ

పదింటికి వస్తానన్న షావుకారు గంగాధరం పన్నెండు దాటినా రాలేదు. పుంగనూరు బజారులో ఎండ మాడ్చేస్తోంది. ఇంకా తెరవని కొత్త అంగడి ముందు నరసింహులు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

పాపం, ఈ రోజు కోసం అతను పడని పాట్లు లేవు! బోర్డులు రాసుకునేవాడికి షోకేసులు అలంకరించే కమర్షియల్ డిజైనర్ కావాలన్న పిచ్చి పట్టింది. మదనపల్లెలో గంగాధరం అంగడికి ఎదురుగా, టీకొట్టు బెంచీ మీద నెలపాటు కూర్చున్నాడు. చీరలు, స్టీలు సామాన్లు, హ్యాండ్‌బ్యాగులు అన్నీ అమ్మే అంగడి అది. లోపలికి ఎవరు పోతున్నారు, ఎవరు మెట్టు దాకా వచ్చి తిరిగిపోతున్నారు, అంతా గమనించాడు. కుప్పంలో ఆయనదే ఇంకో అంగడి ముందూ అట్లాగే కాపు కాశాడు. దొంగేమోనని గుమాస్తాలు తరిమారు కూడా.

మడతపెట్టిన చీర ముందు ఆడవాళ్లు ఆగరు. కట్టి చూపిస్తే ఆగుతారు. అప్పుడు కూడా ముందు ముఖం చూసి, తర్వాతే చీర చూస్తారు. చివరికి అతనికి తెలిసిందిది.

అడగందే అమ్మయినా పెట్టదు కదా. పోయి గంగాధరాన్నే అడిగాడు. ఆయన కొత్త అంగడి తాళాలిచ్చి, “షోకేసు చేసి సూపించప్పా. బాగుంటే మూడంగళ్ల పనీ నీకే” అన్నాడు. బెంగళూరు నుంచి బొమ్మ కూడా తెప్పించాడు.

అది రైల్లో కుప్పం వచ్చింది. అక్కణ్ణించి నరసింహులే బస్సు టాపు మీద వేయించుకొచ్చాడు. నిన్న పుంగనూరు బస్టాండులో క్లీనరు ఆ పెట్టెను దబ్బుమని కింద పడేశాడు. నరసింహులు ఆ పూట అన్నం ముట్టలేదు. ఎట్లాగో తెల్లారేసరికి షోకేసు సిద్ధం చేశాడు.

ఈ పని కూడా దక్కకపోతే కూతుర్ని పుట్టింటికి పిలుచుకుపోతానని పిల్లనిచ్చిన మామ మునస్వామి తెగేసి చెప్పాడు. భార్య వెంకటలక్ష్మమ్మ లేని ఇంట్లో నరసింహులు ఒక్క పూట కూడా ఉండలేడు.

ఎండ అద్దం మీదికి రాగానే ఒక గోనెపట్ట తెచ్చి అడ్డం పట్టుకున్నాడు. మూగిన జనం నవ్వారు.

“బొమ్మకు ఎండ తగల్తాదా యేంది?”

“చీర రంగు పోతాది” అన్నాడు.

పూలమ్మే రెడ్డెమ్మ అద్దానికి ముక్కు ఆనించింది. “కంట్లో నీళ్లు యాల పెట్టినావప్పా?”

“వార్నీషు కారిందిలే అవ్వా. జరుగు, జరుగు.”

అంతలో గంగాధరం కారు దిగాడు. షోకేసు చూసి నోరెళ్లబెట్టాడు.

“అబ్బబ్బ! అచ్చం మన పక్క ఆడబిడ్డ మాదిరే ఉండాదే! తలుపు తియ్యి, దగ్గర సూస్తా.”

“వద్దు సార్! రంగింకా పచ్చిగా ఉండాది.” నరసింహులు తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

గంగాధరం అతని భుజం తట్టాడు. “పని నీదేప్పా. ఉగాదికి అంగడి తెరుస్తా. అంతదాకా ఈ బొమ్మ ఈడ్నించి కదల్రాదు. దినమూ జనం సూడాల.”

కారు వెళ్లిపోయింది. నరసింహులు లోపలికి పోయి, అద్దానికి తెర లాగి, షోకేసు వెనక తలుపు తీశాడు.

“ఉగాది దాకా నేనీడ్నే నిల్సుకోవాల్నా?” అంటూ కొత్త చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది వెంకటలక్ష్మమ్మ.