మెయిన్ ఆపి చూస్తే

"మోటారు కుట్టుమిషను కొని తీసుకెళ్ళడానికి సాయంత్రం మనిషి వస్తాడు," అన్నాడు ఆడిటరు, కరెంటు బిల్లు బల్ల మీద పరుస్తూ.

కుడుతున్న గౌను ఆయన భార్య చేతిలో అలాగే ఉండిపోయింది. అపార్ట్‌మెంటులో సగం మందికి బట్టలు కుట్టేది ఆమే. ఆ మిషను పోతే ఆమెకు మిగిలేది సూదీ దారమే.

ఆడిటరుకు లెక్కలంటే ప్రాణం. ఆఫీసులో ఊరందరి లెక్కలూ చూసింది చాలక, ఆ రోజు సెలవు పెట్టి మరీ ఇంటి లెక్క పట్టాడు. స్టూలెక్కి ఫ్యానునీ, వంగి ఫ్రిజ్జునీ పరీక్షించాడు. దేనిమీద ఎన్ని వాట్లని రాసి ఉందో చూసి, వాడిన గంటలతో హెచ్చించి, వెయ్యితో భాగిస్తే యూనిట్లు వస్తాయి. ఎన్నిసార్లు కూడినా బిల్లులో ఉన్నదాంట్లో సగమే తేలింది. మిగతా సగం ఎక్కడికి పోతోందో అంతుపట్టక, దాన్ని తీసుకెళ్ళి భార్య ఇస్త్రీపెట్టె మీదా, కుట్టుమిషను మీదా రుద్దేశాడు.

"ఇస్త్రీ రోజుకో గంటంటావు. పూటంతా పెడితే తప్ప ఇంత రాదు. పైగా ఎదురింటి మామ్మ ఒకావిడ. పగలంతా మకాం ఇక్కడే. ఆవిడకో ఫ్యాను, గంటగంటకీ వేణ్ణీళ్ళు."

"మామ్మగారు చిన్నబ్బాయి దగ్గరికి వెళ్ళారని వాళ్ళ కోడలు చెప్పి రెండు నెలలైందండీ. బిల్లు పెరిగింది ఆవిడ వెళ్ళాకే."

అయినా ఆడిటరు పట్టు వదల్లేదు.

మామ్మ మాట రాగానే ఆమెకు మనసు చివుక్కుమంది. పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ బొత్తాలన్నీ కుట్టిపెట్టేది మామ్మ. చల్లనీళ్ళు తాగితే గొంతు పట్టేస్తుందని వేణ్ణీళ్ళే అడిగేది. "పరాయి ఇళ్ళలో కూర్చుని మా పరువు తీస్తోంది," అని మామ్మ కోడలు ఒకసారి ఈమె మొహం మీదే విసుక్కుంది. అంత చేరికైన మామ్మ, వెళ్ళేటప్పుడు ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయిందని ఈమెకు ఇప్పటికీ కోపమే.

"నేను మెయిన్ ఆపుతాను. మీరు కిందికి వెళ్ళి మీటరు చూడండి," అంది ఆమె. "అప్పటికీ తిరుగుతుంటే తప్పు నాది కాదు. ఆగిపోతే మిషను మీ ఇష్టం."

ఫోను చెవికి ఆనించుకుని ఆడిటరు మెట్ల కింద మీటర్ల గదిలోకి వెళ్ళాడు. ఆమె మెయిన్ కిందికి లాగింది. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్జు మూగబోయింది.

తమ ఇంటి నంబరున్న మీటరు మీద, కరెంటు వాడకాన్ని బట్టి మిణికే ఎర్ర లైటు మాత్రం తాపీగా మిణుకుతూనే ఉంది. ఆరిపోయింది దాని పక్కది. ఆడిటరు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మెయిన్ వేయమన్నాడు, మళ్ళీ ఆపమన్నాడు. ప్రతిసారీ పక్క మీటరే వెలిగి ఆరింది. అప్పుడర్థమైంది. రెండు నెలల కిందట మీటర్ల గోడకు రంగులు వేసినవాడు తమ నంబరూ ఎదురింటి నంబరూ అటుది ఇటు, ఇటుది అటు రాశాడు. రీడింగు తీసేవాడు ఆ నంబరు చూసే బిల్లు కొడుతున్నాడు.

"ఎదురింటివాళ్ళ ఏసీకి మనం కడుతున్నామన్నమాట. వాళ్ళకి సగమే వస్తోంది, అందుకే నోరు మెదపలేదు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, మిషను కోసం వచ్చే మనిషిని రావద్దంటానన్నాడు.

ఆమె మిషను మీద చెయ్యి వేసి కుర్చీలో కూలబడింది. అంత బరువు దిగిందని ఏడుపే వచ్చింది.

"ఉండు," అన్నాడు ఆడిటరు ఫోనులో. "ఈ లైటు ఉన్నట్టుండి పరుగులు పెడుతోంది."

"మనదా?"

"ఎదురింటిది. ఇప్పటిదాకా వచ్చింది ఫ్రిజ్జు లెక్క. ఇంత వేగమంటే నీళ్ళు కాచే కెటిలు గాని మరొకటి గాని అయ్యుండాలి. ఇంతకీ మొగుడూ పెళ్ళాలిద్దరూ పొద్దున్నే ఆఫీసులకి పోయారుగా?"

ఆమె తలుపు తీసింది. ఎదురింటి గడియకు రోజూ ఉండే పెద్ద తాళం బయట వేసే ఉంది. ఆమెకు వేణ్ణీళ్ళ మాట గుర్తొచ్చింది. వరండా దాటి వెళ్ళి, ఆ తలుపు మీద మెల్లగా తట్టింది.

"మామ్మగారూ... నేనే."

లోపలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. చెవి దగ్గర ఫోనులో ఆడిటరు గొంతు వినిపించింది.

"లైటు నెమ్మదించింది. నువ్వు తలుపు తట్టగానే."